ఇంటివద్ద వాషరుల తయారీ

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు నిధులను గూర్చియు, పన్నులను గూర్చియు, గ్రామసభలను గూర్చియు పెద్ద విషయములెన్నో విన్నారు. నాకు అప్పగింపబడిన విషయము మిక్కిలి చిన్నది. అరచేతిలో ఇముడును, పలుమార్లు దాని వెల టీ ఖర్చుకు మించదు. అదియే వాషరు. చిన్నదే గదా యని త్రోసివేయుటకు వీలులేదు. నల్లానుండి సెకనునకొక చుక్క చొప్పున కారిన, రాత్రింబగళ్లకు 86,400 చుక్కలు. ఇరువది చుక్కలొక మిల్లీలీటరని లెక్కించినను నాలుగు లీటర్లకు పైగా నేలపాలగును. ఇది చుక్కల మాట. సన్నని ధారగా కారు నల్లా నిమిషమునకొక లీటరు చెంబును నింపునేని దినమునకు 1,440 లీటర్లు పోవును. మిషన్ భగీరథ పథకమున పల్లెలలో మనిషికి దినమునకు 100 లీటర్లు లక్ష్యముగా నిర్ణయించిరి. అనగా అరిగిన ఒక రబ్బరు బిళ్ల పదునలుగురి నీటిని మోరీలో కలుపుచున్నదన్నమాట. ఆ చివరి వీధికి నీరెక్కుటలేదని మీ యొద్దకు వచ్చువారు ఈ పదునలుగురే.

వాషరును ఇంటివద్ద చేసికొనవచ్చునా? చేసికొనవచ్చును. అన్నింటినియు చేసికొనవచ్చునా? కూడదు. దేనిని చేసికొనవచ్చునో, దేనిని కొనవలెనో, దేనిని ముట్టనే కూడదో చెప్పుటయే నా పని. ఈ మూడవ మాట మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమునకు ప్రత్యేకముగా వర్తించును. కారణము ముందు చెప్పెదను.

మొదట వాషరు చేయు పనిని తెలిసికొందము. నల్లాలోని వాషరు రంధ్రముపై కూర్చుండి నీటిని బంధించును. అది మెత్తగా ఉండవలెను, కదలకుండవలెను. పంపులోని కప్పు వాషరు గొట్టము లోపల పైకిని క్రిందికిని జరుగుచు నీటిని తోడును. అది జరుగుచునే అంచులు గోడను ఒరసికొని ఉండవలెను. మూడవది రాపిడి వాషరు. దీని పని నీటిని ఆపుట కాదు. ఒకదానిపై ఒకటి ఒత్తుకొని, బలము మించినప్పుడు నెమ్మదిగా జారనిచ్చుట. మీ ఊరి యువకులు మంజీర ఒడ్డునకు గొనిపోవు గాలపు రీలులో ఉండునది ఇదే. మూడును వాషరులే యైనను ఒకదాని సరకు మరియొకదానికి పనికిరాదు. బంధింపవలసిన చోట జారునది వేసినను, జారవలసిన చోట పట్టుకొనునది వేసినను పని చెడును. కావున కత్తి పట్టుకొనుటకు ముందు పాత వాషరును చేతబట్టి, ఇది ఏ పని చేయుచుండెనని ప్రశ్నించుకొనవలెను.

తోలు వాషరుతో ప్రారంభించెదను. ఈ విద్య మనకు క్రొత్తది కాదు. మోటారులు రాకపూర్వము మన బావులపై మోటలుండెడివి. మోట తొండమును, తోలు తిత్తిని కుట్టినవారు మన పల్లెలలోని చర్మకారులే. తంగేడు చెక్కతోను, కరక్కాయతోను తోలును పదునుచేయుట వారికి తెలియును. ఆ పనికి నిజాము కాలమున దొరలు కూలి ఇచ్చెడివారు కారు. చెప్పులు, మోటలు వెట్టిగా పుచ్చుకొనుచుండిరి. ఈ ప్రస్తావన ఇచ్చట ఎందులకనగా, నేడు మీరు పంచాయతీ పక్షమున ఎవరిచేతనైనను వాషరులు చేయించినయెడల, 'ఊరి పనియే గదా' యని ఊరక చేయించుకొనరాదు. కూలి నిర్ణయించి, తీర్మానమున వ్రాసి, రసీదు పుచ్చుకొని ఇవ్వవలెను.

తోలు కప్పు వాషరు ఎచ్చట పనికివచ్చును? సైకిలుకు గాలి కొట్టు పంపులో, పాతకాలపు గాలిపొయ్యి పంపులో, చేలకు మందు కొట్టు కొన్ని చేతిపంపులలో, తక్కువ లోతునుండి నీరు తోడు పోతయినుప పంపులలో. చదునైన తోలు బిళ్ల బావి మోటారు ఫుట్ వాల్వు మూతగా పనికివచ్చును. ఫుట్ వాల్వు మూత కారినయెడల మోటారు ఆపినప్పుడెల్ల గొట్టములోని నీరు బావిలోనికి జారిపోవును. మరల ఆడించునప్పుడెల్ల నీళ్లు పోయవలసివచ్చును. రైతునకు ఈ బాధ తెలియనిది కాదు. దీనికి అచ్చు అవసరములేదు. పాత తోలును క్రొత్త తోలుపై పరచి, చుట్టును గీతగీసి, నాలుకభాగము తెగకుండ రంపెతో కోసి, బోల్టు రంధ్రము పొడిచినచో చాలును.

కప్పు వాషరుకు మాత్రము అచ్చు కావలెను. మీ ఊరి వడ్రంగికి తరిమెన ఉన్నచో గంటలో చేయగలడు. గట్టి కొయ్యలో, పంపు గొట్టపు లోపలి వ్యాసమునకు సమానముగా ఒక గుంట. ఆ గుంటలో దిగునట్టి ఒక బిరడా. బిరడా వ్యాసము గుంట వ్యాసముకంటె తోలు మందమునకు రెండింతలు తక్కువగా ఉండవలెను. గుంట 60 మిల్లీమీటర్లు, తోలు 3 మిల్లీమీటర్లు అయినచో బిరడా 54. ఇక బిళ్లను ఎంత పెద్దదిగా కోయవలెను? 60 వ్యాసమున 15 మిల్లీమీటర్ల ఎత్తు అంచు కావలెననుకొందము. 85 నుండి 90 మిల్లీమీటర్ల బిళ్ల సరిపోవును. కొంత పెద్దదే కోయుడు. మిగిలినది తరువాత కత్తిరింపవచ్చును, తక్కువైనది అతుకుటకు వీలులేదు.

తోలు ఎన్నుకొనుటలో తొందర కూడదు. చెక్కతో పదును చేసిన ఎద్దు తోలు లేక బఱ్ఱె తోలు, వీపుభాగమునుండి తీసినది మేలు. పొట్టభాగము వదులుగా ఉండి ఒకవైపు సాగును. సన్నని మెత్తని చెప్పు పైతోలు పనికిరాదు. బిళ్లను చల్లని నీటిలో కొన్ని గంటలు నానవేయుడు. వేడినీటిలో వేసినచో ముడుచుకొని గట్టిపడును. నానిన బిళ్లను గుంటపై సరిగా నడుమ నుంచి, బిరడా మధ్యగా బోల్టు దూర్చి, నట్టును కొంచెము కొంచెముగా బిగింపుడు. ఒకేసారి బిగించిన అంచు చీలును. అచ్చుతో సహా నీడలో రెండు మూడు దినములు ఆరనిండు. ఎండలో పెట్టరాదు. ఆరిన తరువాత బయటకు తీసి, అంచును లోపలివైపునకు వాలుగా సమముగా కోసి, నడుమ రంధ్రమును పంచీతో కొట్టుడు. కత్తితో గీచిన రంధ్రము సమముగా రాదు.

తరువాత జిడ్డు పట్టించవలెను. సైకిలు పంపునకు ఆముదము మేలు. వ్రేలికి ఓర్చునంత వెచ్చగా ఉండవలెనే కాని మరుగరాదు. త్రాగునీరు తగులు పంపునకు తేనెమైనముగాని, తినదగు నూనెగాని వాడుడు. మోటారు ఇంజనులనుండి దింపిన నల్లనూనెను, అది ఉచితముగా దొరకుచున్నను, త్రాగునీటి వాషరుకు తగిలింపకుడు. నీటి పంపులో బిగించుటకు ముందు క్రొత్త తోలు వాషరును ఒక రాత్రి నీటిలో నానవేయవలెను. పొడిగా బిగించినయెడల మొదట నీరు రాదు. నానిన తరువాత ఉబ్బి ఇరుకున పట్టుకొనును. 'వాషరు చేసినవాడు చెడగొట్టినాడు' అను నింద పలుసార్లు ఈ ఒక్క రాత్రి నానబెట్టకపోవుటవలననే వచ్చును.

ఇప్పుడు మీలో ననేకుల మనసులో ఉన్న ప్రశ్నకు వత్తును. వీధిలోని బోరింగుకు ఈ వాషరు వేయవచ్చునా? వలదనియే నా అభిప్రాయము. మన పల్లెలలో విరివిగా కనిపించు బోరింగు ఇండియా మార్క్-2 అను రకము. షోలాపూరు ప్రాంతమున పుట్టిన పంపును ఆధారముగా గొని, యూనిసెఫ్ తోడ్పాటుతో 1970 దశకమున రూపొందినది. దాని సిలిండరు లోపలి వ్యాసము 63.5 మిల్లీమీటర్లు. మొదట అందు తోలు కప్పులే వాడిరి. 1980 దశకమున కోయంబత్తూరు ప్రాంతమున జరిగిన క్షేత్రపరీక్షలలో నైట్రైలు అను రబ్బరుతో చేసిన కప్పులు తోలుకంటె చాలకాలము మన్నునని తేలినది. మన్నిక ఒక్కటియే కాదు, శ్రమను చూడుడు. వాషరు సిలిండరులో, సిలిండరు గొట్టముల చివర, గొట్టములు భూమిలోపల. ముప్పది మీటర్ల లోతున సిలిండరున్నచో మూడు మీటర్ల గొట్టములు పది పైకి తీయవలెను. లోపలి కడ్డీలు, నీరు కలిపి బరువు క్వింటాలుకు మించును. నలుగురైదుగురు మనుషులు, పట్టుకఱ్ఱలు, ప్రత్యేక పనిముట్లు కావలెను. ఇంత శ్రమపడి దింపిన తరువాత వాషరు మూడు నెలలకే అరిగినచో మిగిల్చినదేమి? అట్టి చోట ప్రమాణముద్ర గల నైట్రైలు కప్పులు కొని, జత మార్చి బిగించుటయే పొదుపు. మార్క్-3 అను తరువాతి రకమున గొట్టము వెడల్పైనది. గొట్టములు తీయకయే ముషలకమును పైకి లాగవచ్చును. అందును కొన్న వాషరే మేలు.

ఇంటివద్ద చేయుట యెక్కడ తగునన్న ప్రశ్నకు నా కొలబద్ద ఇదియే: విప్పి బిగించుట సులభమైన చోట ఇంటివాషరు, కష్టమైన చోట కొన్నవాషరు.

నల్లా వాషరు విప్పుట సులభమే. రబ్బరు పలకనుండి పంచీతో కొట్టినచో నిమిషమునకొకటి వచ్చును. కాని త్రాగునీరు తగులుచున్నది గనుక త్రాగునీటికి తగునని అమ్మబడు రబ్బరు పలకనే కొనుడు. పాత లారీ ట్యూబును కత్తిరించి వేయు అలవాటు మనలో కలదు. అది తాత్కాలికముగా నీటిని ఆపును. ఆ నీటికి వాసనయు పట్టించును. చేలలోని గొట్టపు అతుకులకు ట్యూబు వాడుకొనుడు, త్రాగు నల్లాకు వలదు. మరియొక మాట. క్రొత్త వాషరు వేసినను కారుచున్నచో దోషము వాషరులో లేదు, అది కూర్చుండు ఇత్తడి అంచులో గాటు పడినది. అప్పుడు మరింత గట్టిగా తిప్పుట తగదు. గట్టిగా తిప్పినకొలది వాషరు చీలును. అంచును నునుపు చేయించవలెను, లేక నల్లాను మార్చవలెను.

ఇక గాలపు రీలు. పంచాయతీ సభలో చేపల వేడుక ఏల యని కొందరు నవ్వవచ్చును. మంజీర మన జిల్లా నది. సింగూరు జలాశయము సుమారు 30 టి.ఎం.సి.ల నీరు పట్టునది. ఆదివారము వచ్చినచో కర్మాగారములలో పనిచేయు యువకులు గాలములు పట్టుకొని గట్లపై కూర్చుండుట మీరు చూచుచునే యున్నారు. (చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘమునకు ఉన్న నీటిలో వారి అనుమతి పొందవలెను. 1978లో ప్రకటింపబడిన మంజీర అభయారణ్యపు హద్దులలో గాలము వేయనే రాదు. ఈ రెండింటిని మీ యువకులకు చెప్పుడు.) ఈ రీలులోని రాపిడి వాషరులు అరిగిన పిమ్మట అంగడిలో ఆ కొలతవి దొరకవు. అప్పుడు ఇంట చేసికొనుట తప్పదు. మంచి చేతిపని నేర్చుటకు ఇంతకు మించిన పాఠమును లేదు.

దాని వ్యవహారమిది. పెద్ద చేప పట్టుకొని గుంజినప్పుడు దారము బిగిసియున్నచో తెగును, వదులుగా నున్నచో చేప పోవును. ఈ రెంటికి నడుమ, లాగినకొలది కొంచెము కొంచెము దారమును వదలుటకు డ్రాగ్ అను ఏర్పాటున్నది. చుట్ట తలపైనున్న మరను త్రిప్పినయెడల, లోపల లోహపు బిళ్లలును మెత్తని బిళ్లలును ఒకటి విడిచి ఒకటి పేర్చిన దొంతర ఒత్తుకొనును. పూర్వము రీలుపై తోలుముక్కను బొటనవ్రేలితో అదిమిపట్టి చేపను ఆపెడివారు. రీలు లోపలనే రాపిడి దొంతర ఉంచి, నక్షత్రము వంటి చక్రముతో బిగించు పద్ధతిని బోషెన్ అను అమెరికా వేటగాడు 1913లో కాలిఫోర్నియా సముద్రమున ప్రయోగించి, గాలపుకఱ్ఱతో ఖడ్గమత్స్యమును పట్టెను. తరువాత తోలు, ఉన్నిగుడ్డ, టెఫ్లాను, కార్బను నార ఒకదాని వెంట ఒకటి వచ్చినవి.

విప్పునప్పుడు శుభ్రమైన గుడ్డపై బిళ్లలను వచ్చిన వరుసలోనే పేర్చుడు. చేతిలో ఫోనున్నది గనుక ఒక చిత్రము తీసికొనుడు. మరచిపోవుదుమను భయము తీరును. పాత బిళ్లల బయటి వ్యాసము, లోపలి వ్యాసము, మందము వెర్నియరుతో కొలిచి వ్రాసికొనుడు. మందమే ముఖ్యము. అర మిల్లీమీటరు మందము పెరిగినను దొంతర ఎత్తు పెరిగి మర బిగియదు. ఒత్తుగా నేసిన ఉన్నిగుడ్డనుగాని, సమమందము గల పలుచని తోలునుగాని తీసికొని, ముందు లోపలి రంధ్రమును పంచీతో కొట్టి, తరువాత బయటి వృత్తమును కోయుడు. బయటిది ముందు కోసినచో చిన్న బిళ్లను పట్టుకొనుటకు చోటుండదు, వ్రేలు తెగును. ఉన్నిబిళ్లకు నూనె, తోలుబిళ్లకు పలుచని గ్రీజు. కార్బను పలక దొరకినచో తడిచేసి కోయుడు. దాని నుసి చర్మమున గుచ్చుకొని దురద పుట్టించును, ఊపిరిలోనికి పీల్చరాదు.

పరీక్ష సులభము. దారపు బలములో నాలుగవ వంతు బరువునకు రీలు జారునట్లు మర బిగించుట వాడుక. దారము నాలుగు కిలోలు మోయునదైనచో ఒక లీటరు నీటిసీసాను దారమునకు కట్టి వ్రేలాడదీయుడు. అది కిలో బరువు. సీసా కుదుపు లేకుండ, ఆగి ఆగి దూకకుండ, నెమ్మదిగా దిగినచో వాషరు కుదిరినది. ఆగి ఆగి దూకినచో బిళ్ల వంకరగా కోయబడినది, లేక జిడ్డు సమముగా పట్టలేదు.

ఈ రీలు ప్రసంగమును నేను పొడిగించుటకు వేరొక కారణము కలదు. రాపిడి బిళ్ల అనగానే తెలివైన పిల్లవానికి మొదట తట్టునది పాత లారీ బ్రేకు లైనరు. బ్రేకు పట్టునది రీలును పట్టదా యని కోసి, రాతిపై అరగదీసి, నుసిని నోటితో ఊదును. సోదరులారా, అచ్చటనే ప్రమాదమున్నది. పాత బ్రేకు లైనర్లలోను, కర్మాగారములలో ఆవిరి గొట్టముల నడుమ బిగించు కొన్ని గాస్కెట్ షీట్లలోను రాతినార కలదు. దీనినే ఆస్బెస్టాసందురు. కదలకుండ నున్నంతవరకు ఎక్కువ హాని చేయదు. కోసినను, అరగదీసినను, ఊడ్చినను కంటికి కానరాని పోగులు లేచి ఊపిరితిత్తులలో దిగబడి పోవు. దగ్గు వెంటనే రాదు. ఇరువది, ముప్పది సంవత్సరముల తరువాత ఊపిరి ఆడని వ్యాధిగానో, పుండుగానో బయటపడును. అన్ని రకముల రాతినారయు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చూచుటవలన రాతినార ఉన్న షీటునకును లేనిదానికిని భేదము తెలియదు. కావున ఎక్కడిదో తెలియని షీటును, దళసరి లైనరును కోయకుండుటయే మార్గము.

మన ప్రాంతమునకు ప్రత్యేకమని మొదట చెప్పిన మాట ఇదియే. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల చుట్టు పాతసామాను కొట్లు ఎన్నో కలవు. అందు రబ్బరు షీట్లు, పైపుల ముక్కలు, పట్టాలు, గాస్కెట్లు, డ్రమ్ములు తూకమునకు దొరకును. వాషరు చేయదలచినవానికి అది బంగారు గని వలె తోచును. కాని ఆ రబ్బరు ఏ కొలిమిలో, ఏ ఆమ్లమున, ఏ మందు పిండిలో తడిసినదో అమ్మువానికి తెలియదు, కొనువానికి తెలియదు. రబ్బరు పీల్చుకొన్న ద్రవము కడిగినంతమాత్రమున పోదు. నల్లాలో బిగించినప్పుడు కొంచెము కొంచెముగా నీటిలోనికి దిగును. రసాయనములు తెచ్చిన డ్రమ్ములో నీరు నిలువ చేయరాదని మనము ప్రచారము చేయుచున్నాము గదా. ఆ డ్రమ్ముకు చుట్టమే ఈ రబ్బరు. నా సలహా స్పష్టము: కర్మాగారపు పాతసరకునుండి త్రాగునీటికి వాషరు చేయవద్దు. చేను పనికైనను, వాసనగాని, మరకగాని, పొడిగాని ఉన్నదానిని తీసికొనవద్దు.

దీనికి మించిన విషయము మరియొకటి కలదు. దానిని చెప్పక దాటిపోవుట ఉచితము కాదు. వాషరు మార్చినయెడల పంపు నడచును. పంపు నడచినయెడల నీరు వచ్చును. కాని ఆ నీరు త్రాగవచ్చునా? పటాన్‌చెరు పరిశ్రమల మురుగునీటిపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. నక్కవాగు ద్వారా ఆ నీరు మంజీరవైపు ప్రవహించిన చరిత్ర మీలో పెద్దలకు తెలియును. మురుగును శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రములు వచ్చినవి. అయినను 2007లో స్వీడను పరిశోధకులు ప్రకటించిన అధ్యయనమున, పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించినది. ఆ మందు మ్రింగిన రోగి రక్తమున ఉండు పాలుకంటె ఇది ఎక్కువ. 2009 నాటి మరియొక అధ్యయనమున సమీపపు చెరువులలోను, కొన్ని గ్రామముల బావులలోను సైతము మందుల జాడలు కనబడినవి. అటుతరువాత మార్పులు వచ్చినవి. మురుగును గొట్టపుమార్గమున హైదరాబాదు అంబర్‌పేట కేంద్రమునకు తరలించు ఏర్పాటు జరిగినది. కాని భూగర్భమున చేరినది ఆజ్ఞాపత్రముతో తొలగిపోవునది కాదు.

ఇట్టి ప్రాంతమున పాడుపడిన బోరింగు ఒకటి పాడుపడియే యుండుట ఒక్కొక్కప్పుడు ఊరికి రక్ష. వేసవిలో రెండు దినములు నల్లా రాదు. ఉత్సాహవంతుడైన యువకుడు గొట్టములు తీసి, వాషరు మార్చి, ఆ పంపును నడిపించును. ఊరు అతనిని మెచ్చుకొనును. బిందెలు వరుసకట్టును. ఆ నీటిని ఎవరును పరీక్షింపరు. అప్పుడు తప్పు ఆ యువకునిది కాదు. పంపు ఏల ఆపబడినదో గోడపై వ్రాయించని పంచాయతీది. కావున మూలపడిన పంపునకు వాషరు వేయు ముందు నీటి నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపుడు. మీయొద్దనుండు క్షేత్రపరీక్ష పెట్టె ఫ్లోరైడును, నైట్రేటును, గట్టిదనమును చూపును. కరిగిన మందులను, కర్మాగారపు ద్రావణములను అది చూపజాలదు. పెట్టె బాగున్నదని చెప్పినంతమాత్రమున పరిశ్రమల ప్రక్కనున్న బోరు బాగున్నదనుకొనరాదు. నీటిని మరగించుట సూక్ష్మక్రిములకు మందు. లోహములకు, ఫ్లోరైడునకు కాదు. మరగిన కొలది నీరు తరిగి అవి చిక్కబడును. నీరు తగదని తేలినచో పంపునకు ఎఱ్ఱరంగు పూయించి, త్రాగరాదని పెద్ద అక్షరములతో వ్రాయించి, చేతికఱ్ఱను తీసి పంచాయతీ కార్యాలయమున భద్రపరచుడు. చేతికఱ్ఱ ఉన్నంతవరకు ఎవరో ఒకరు కొట్టుచునే ఉందురు.

వాషరు నీటిని బంధించునే గాని శుద్ధిచేయదు. ఈ ఒక్క మాట మీ ఊరి మరమ్మతు పనివానికి బాగుగా నచ్చచెప్పగలిగిన, మిగిలినది అతని చేతిపనికి వదలవచ్చును.

ఏర్పాట్ల మాట కొంచెము చెప్పి ముగింతును. పంచాయతీ కొనదగిన పనిముట్లు కొద్దివే: పావు అంగుళమునుండి అంగుళమున్నర వరకు పంచీల జత ఒకటి, వెర్నియరు ఒకటి, వృత్తలేఖిని, రంపె, కొయ్యదిమ్మె. పంచీ క్రింద ఇనుము ఉంచినచో దాని నోరు చెడును. వేపదిమ్మెను నిలువుపొరగా నిలిపి దానిపై కొట్టవలెను. చెప్పులు కుట్టువారి చేతిలో ఈ విద్య సగము సిద్ధముగా ఉన్నది. వారిని పిలిచి, పంచాయతీ నీటిపని చూచు కార్మికుని ప్రక్కన కూర్చుండబెట్టి ఒక దినము పని చేయింపుడు. ఒకరు తోలును ఎరుగుదురు, ఒకరు పంపును ఎరుగుదురు. ఇద్దరు కలిసినచో మూడవవాని అవసరముండదు.

ఒక చిన్న నోటుపుస్తకమున ప్రతి నల్లా, ప్రతి బోరింగు, ప్రతి మోటారు వాషరు కొలత వ్రాసి ఉంచుడు. మార్చిన తేదీయు వ్రాయుడు. ఏ పంపున వాషరు తరచుగా అరుగుచున్నదో ఆ పుస్తకమే చెప్పును. అట్టిచోట సిలిండరులో ఇసుక చేరుచున్నదని అనుమానింపవలెను. అప్పుడు వాషరులు మార్చుకొనుచు పోవుటకంటె బోరును శుభ్రపరచుట చౌక.

కొని ఉంచిన నైట్రైలు, రబ్బరు వాషరులను ఎండ తగులు కిటికీలో, మోటారు ప్రక్కన ఉంచరాదు. కాగితమున చుట్టి మూతగల డబ్బాలో నీడన ఉంచవలెను. తోలు వాషరులకు ఆముదము రాచి వేరు డబ్బాలో పెట్టవలెను, ఎలుకలు దానిని విడువవు. రెండు డబ్బాలను కలుపకుడు. తోలుకు రాచిన నూనె తగిలినచో కొన్ని రకముల రబ్బరు ఉబ్బి పాడగును. డబ్బా మూతపై పంపు పేరును, కొలతను వ్రాసి అతికించినయెడల చీకటిలో వెదకవలసిన పనియుండదు.